పాత ఇంజనుకు క్రొత్త బలము

హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి నార్కట్‌పల్లి దాటిన పిమ్మట కట్టంగూరు మీదుగా నకిరేకల్లు చేరుచున్నది. పూర్వము 9వ నంబరుగా ప్రసిద్ధి చెంది, ఇప్పుడు 65వ నంబరు ధరించిన ఈ దారిమీద కొన్ని దశాబ్దములపాటు అంబాసిడరు కారు రాజ్యమేలినది. అధికారి పర్యటనకు అదే, పెండ్లివారి ప్రయాణమునకు అదే, అర్ధరాత్రి రోగిని పట్నపు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినను అదే. హిందుస్థాన్ మోటార్సు వారు 1957 ప్రాంతమున ఆరంభించిన ఆ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయినది. దానిని స్పోర్ట్సు కారని ఎవరును పిలువలేదు; పిలువవలసిన పనియు లేదు.

అయినను దాని బానెట్టు క్రింద చిరకాలము పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుకు ఇంగ్లండులో తోబుట్టువు ఒకటి కలదు. ఎం.జి.ఏ. అను రెండు సీట్ల స్పోర్ట్సు కారులో 1955నుండి అమర్చినది ఈ కుటుంబపు ఇంజనునే. బి.ఎం.సి. సంస్థవారి బి-సిరీసు అని దానికి పేరు. రెండింటిలోను సిలిండరు వ్యాసము 73 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. రెండింటికిని పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు, మూడు మెయిను బేరింగులు. అంబాసిడరులో అది ఇచ్చిన బలము యాభై, యాభైయైదు అశ్వశక్తుల ప్రాంతమున నుండగా, ఎం.జి.ఏ.లో మొదట 68, కొలది కాలములోనే 72 అశ్వశక్తులైనది. ఇనుము ఒకటే, కొలతలు ఒకటే. బలములో ఇంత భేదము ఎట్లు కలిగినది?

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, పాత స్పోర్ట్సు కారు ఇంజనును విప్పి, బాగుచేసి, దాని బలమును పెంచగోరువారు ఏ పని ముందు చేయవలెనో, ఏ పని ఎంతలో ఆపవలెనో దానంతట అదే బోధపడును. నేటి ప్రసంగములో మేము చెప్పదలచినది అంతే.

మన మెట్టప్రాంతములలో మోట కొట్టిన దినములు పెద్దలకు ఇంకను జ్ఞాపకముండును. చేనికి నీరు ఎక్కువ కావలెనన్నచో రైతునకు రెండు మార్గములే ఉండెడివి. బొక్కెన పెద్దది చేయుట ఒకటి. ఎడ్లను వడిగా నడిపి, గడియలో ఎక్కువ బొక్కెనలు తోడుట రెండవది. ఇంజను సంగతియు ఇంతే. ఒక్కొక్క విడత సిలిండరు ఎంత గాలిని పీల్చి, దానిలో ఇంధనమును ఎంత చక్కగా మండించునో, అది బొక్కెన పరిమాణము. నిమిషమునకు క్రాంకుషాఫ్టు ఎన్ని చుట్లు తిరుగునో, అది ఎడ్ల నడక. ఈ రెండింటి లబ్ధమే అశ్వశక్తి. అయితే బొక్కెన పెద్దదైనను, నడక వడి హెచ్చినను, త్రాడును గిలకయు ఓర్చుకొనవలెను గదా! ఇంజనులో ఆ త్రాడు, గిలకల పని చేయునవి కనెక్టింగు రాడ్లు, బేరింగులు, క్రాంకుషాఫ్టు. పెంచుట తెలిసినవారు చాలమంది. ఓర్పును కొలుచుట తెలిసినవారు కొలదిమంది.

కావున మొదటి పని పెంచుట కాదు, కొలుచుట. ఇంజనును విప్పుటకు ముందే నాలుగు సిలిండర్లలోని సంపీడన పీడనమును గేజితో కొలిచి పుస్తకములో వ్రాసికొనవలెను. విప్పిన పిదప సిలిండరు గోడను పైన, నడుమ, క్రింద, అడ్డముగను నిలువుగను కొలువవలెను. పై రింగు ఆగి వెనుదిరుగు చోటనే అరుగుదల అధికముగా నుండును. అంగుళములో వెయ్యవ వంతును మన షెడ్డులలో 'థౌ' అందురు. అరుగుదల మితి మీరినచో పది, ఇరవై, ముప్పది, నలుబది థౌల మేరకు బోరు చేయించి, దానికి తగిన ఓవర్‌సైజు పిస్టన్లు వేయుదురు. హద్దు దాటిన బ్లాకుకు స్లీవులు దిగవేయుదురు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. బోరు చేయించినంతనే బలము పెరుగునని పలువురు నమ్ముదురు. లెక్క వేసి చూతము. 73 మిల్లీమీటర్ల సిలిండరును నలుబది థౌలు పెంచినచో 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను 1531 అగును. పెరిగినది నూటికి మూడు పాళ్లయినను లేదు. బోరు చేయించిన బండి చురుకుగా పరుగెత్తుట నిజమే. కాని ఆ చురుకుదనము క్రొత్తగా వచ్చినది కాదు. అరిగిన రింగుల సందులనుండి, సరిగా కూర్చొనని వాల్వులనుండి జారిపోవుచుండిన పాత బలమే ఇంటికి తిరిగి వచ్చినది. ఏండ్ల తరబడి నడచిన ఇంజను విషయమున మొట్టమొదటి లాభము ఈ తిరిగి వచ్చినదే. దీనిని రాబట్టకుండ క్రొత్త బలము కొరకు డబ్బు ఖర్చుచేయుట చిల్లికుండకు వెండి మూత చేయించుట వంటిది.

క్రాంకుషాఫ్టులో కంటికి కనబడని పగుళ్లున్నవేమో అయస్కాంత పరీక్షచే చూడవలెను. దాని నూనెదారులలో ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని పూర్తిగా కడిగివేయవలెను. కనెక్టింగు రాడ్లను, పిస్టన్లను తక్కెడలో వేసి నాలుగింటి బరువును సమము చేయవలెను. ఇది చాదస్తమని కొందరు తలతురు. కాని పిస్టను పైకి క్రిందికి విసరుటలో పుట్టు బలము, వేగము హెచ్చినకొలది దాని వర్గమును బట్టి హెచ్చును. నిమిషమునకు 4400 చుట్లు తిరుగు ఇంజనును 5500 తిప్పినచో వేగము పెరిగినది నాలుగవ వంతే. రాడ్లమీద పడు విసురు పెరిగినది సగమునకు మించి. ఎం.జి. కార్ల నిర్మాతలు 1962లో ఎం.జి.బి. కొరకు ఇదే ఇంజనును 1798 ఘన సెంటీమీటర్లకు పెంచినప్పుడు పిస్టను నడకను మార్చలేదు. సిలిండరు వ్యాసమును మాత్రమే పెంచిరి. రెండేండ్లకే, 1964లో, మూడు మెయిను బేరింగులకు బదులు ఐదు అమర్చిరి. బలము పెరిగినచో దానిని మోయు భుజములును పెరుగవలెనని కర్మాగారమువారే గ్రహించిరన్నమాట.

కొలతలు కుదిరిన పిదప ఊపిరి సంగతి. కమ్మరి కొలిమిలో నిప్పు ఎంత రగులునో తిత్తి నిర్ణయించును. ఇంజనుకు తిత్తి వంటిది సిలిండరు హెడ్డు. ఈ ఇంజను హెడ్డులో నాలుగు సిలిండర్లకు గాలి లోనికి వచ్చు ద్వారములు రెండే. పొగ వెలుపలికి పోవు ద్వారములు మూడు. అనగా ఇరుగు పొరుగు సిలిండర్లు ఒకే ద్వారమున గాలి పీల్చుకొనవలెను. అంబాసిడరులో వీటికి ఒక కార్బురేటరు, ఎం.జి.ఏ.లో ఒక్కొక్క ద్వారమునకు ఒకటి చొప్పున ఒకటిన్నర అంగుళముల ఎస్.యు. కార్బురేటర్లు రెండు. మనము మొదట అడిగిన ప్రశ్నకు సమాధానములో పెద్ద భాగము ఇదియే. స్పోర్ట్సు కారు ఇంజను ఎక్కువ తిన్నది కాదు, ఎక్కువ గాలి పీల్చినది.

ద్వారములను ఇష్టము వచ్చినట్లు తొలిచి పెద్దవి చేయుట మంచిది కాదు. దారి మిక్కిలి వెడల్పైనచో తక్కువ వేగమున గాలి మందగించి, ఇంధనము దానిలో చక్కగా కలియదు. మానిఫోల్డు హెడ్డును కలియు చోట మెట్టు వలె నిలిచిన అంచులను సరిచేయుట, వాల్వు కూర్చుండు పీట చుట్టు గాలి మలుపును నునుపు చేయుట, వాల్వులను పీటలకు అతికినట్లు రుద్దుట — ఓపికతో చేసిన ఈ చిన్న పనులే పెద్ద ఫలమిచ్చును. కామ్‌షాఫ్టు విషయమును అట్టిదే. వాల్వులను ఎక్కువసేపు తెరచియుంచు పందెపు కామ్‌షాఫ్టు ఎక్కువ చుట్లవద్ద బలమిచ్చును గాని తక్కువ చుట్లవద్ద లాగుడును హరించును. పందెపు బాటమీద అది గుణము. బస్సు దిగినవారు, ట్రాక్టర్లు, గొర్రెల మందలు అడ్డువచ్చు ఊరి నడుమ రెండవ గేరులో నెమ్మదిగా పోవలసినవానికి అది శిక్ష.

ఇక సంపీడనము. పీల్చిన గాలిని ఎంత గట్టిగా నొక్కి మండించిన అంత ఎక్కువ పని జరుగును. మన ఇంజనులో ఒక్కొక్క సిలిండరు పిస్టను నడకచే 372 ఘన సెంటీమీటర్లు పీల్చును. సంపీడన నిష్పత్తి 7.2 కావలెనన్నచో పైన మిగులు చోటు 60 ఘన సెంటీమీటర్లుండవలెను. ఎం.జి.ఏ.లో వలె 8.3 కావలెనన్నచో 51 ఉండవలెను. తేడా తొమ్మిది ఘన సెంటీమీటర్లు. రెండు చిన్న చెంచాల నీరయినను కాదు. హెడ్డును ఎంత చెక్కింపవలెనో కంటి అంచనాతో తేల్చరాదని దీనినిబట్టి తెలియుచున్నది. నాలుగు గదులలోను బ్యూరెట్టుతో పలుచని నూనె పోసి, ఎంత పట్టునో కొలిచి, నాలుగింటిని సమము చేసిన పిదపనే హెడ్డును మిషనుకు ఎక్కింపవలెను.

సంపీడనమును మితి మీరి పెంచినచో ఏమగునో అదే వంశపు చరిత్ర చెప్పుచున్నది. 1958లో ఎం.జి.ఏ. ట్విన్ కామ్ అను కారు వెలువడినది. 1588 ఘన సెంటీమీటర్లు, 9.9 సంపీడన నిష్పత్తి, 108 అశ్వశక్తులు. చూచినవారు ముచ్చటపడిరి, కొన్నవారిలో కొందరి కార్లలో పిస్టన్లు కాలి తూట్లుపడెను. నిష్పత్తిని 8.3కు తగ్గింపవలసి వచ్చినది. కాని అప్పటికే పేరు చెడినది. 1960లో ఆ కారు ఉత్పత్తి నిలిచిపోయినది. ఆ కారు వెలువడుటకు ముందు ఏడాదే, 1957 ఆగస్టులో, ఈ బి-సిరీసును ఆధారము చేసికొని నిర్మించిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనుకు బలవంతముగా గాలి నెక్కించు సూపర్‌చార్జరు తగిలించి, అమెరికాలోని బానవిల్ ఉప్పుమైదానముమీద స్టెర్లింగ్ మాస్ గంటకు 245.64 మైళ్ల వేగము సాధించెను. ఆ ఇంజను బలము 290 అశ్వశక్తులు! ఒకే కుటుంబమునుండి వచ్చిన ఈ రెండు వార్తలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. ఒకటి నిపుణుల కాపుదలలో, కొలది మైళ్ల పరుగుకై సిద్ధపరచిన యంత్రము. రెండవది సామాన్యుడు కొని, దొరికిన పెట్రోలు పోసి, ప్రతిదినము నడపవలసినది. మన షెడ్డులో నున్న బండి ఈ రెండవ జాతిదే.

పెట్రోలు మాట వచ్చినది గనుక నేటి పరిస్థితినిగూర్చి ఒక హెచ్చరిక. ఈ ఇంజన్లు పుట్టిన కాలమున పెట్రోలులో సీసము కలిపెడివారు. అది మంటను అదుపులో నుంచుటయే గాక వాల్వు పీటలు అరుగకుండ కాపాడెడిది. మన దేశమున 2000లో సీసపు పెట్రోలుకు స్వస్తి చెప్పిరి. ప్రజారోగ్యమునకు అది ఎంతయో మేలు. అయితే పాత ఇనుప హెడ్డు విప్పినప్పుడే పొగ వాల్వులకు గట్టి ఉక్కు పీటలు దిగవేయించుట విధి. ఇప్పుడు బంకులలో లభించు పెట్రోలులో ఇరువది పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలుకు నాకింగును ఎదిరించు గుణము కలదు; కాని అది పాత రబ్బరు గొట్టములను, సీళ్లను పాడుచేయును. తోడుగా, అదే జెట్టు, అదే సూదితో మిశ్రమము పలుచబడును. పలుచని మిశ్రమము పిస్టనుకు శత్రువు. కావున గొట్టములను మార్చి, కార్బురేటరు సూదిని కొంచెము చిక్కని మిశ్రమమిచ్చునట్లు ఎన్నుకొనవలెను. ప్లగ్గు రంగు చూచి తీర్పు చెప్పుట పూర్వపు పద్ధతి. ఇప్పుడు పొగలోని ఆక్సిజనును కొలుచు సాధనములు లభించుచున్నవి గనుక వాటి మాట వినుట క్షేమము.

నల్లగొండ ఎండ మరియొక పరీక్ష. చల్లని దేశమున 15 డిగ్రీలవద్ద పీల్చు గాలికంటె మన వేసవిలో 45 డిగ్రీలవద్ద పీల్చు గాలి సుమారు పదియవ వంతు పలుచన. ఆమేరకు బలము తగ్గును. పైగా నాకింగు సులభముగా పుట్టును. ఇగ్నిషను టైమింగును జనవరి చలిలో అంచుదాక ముందుకు జరిపి మురిసిపోయినవాడు మే నెలలో ఇంజను చప్పుడు విని దిగులుపడవలసి వచ్చును. టైమింగును వేసవికి పెట్టుకొనవలెను. రేడియేటరును లోపల శుభ్రము చేయింపవలెను. ఇక మన చల్క నేలల దుమ్ము! దర్జా కొరకు, గాలి చప్పుడు కొరకు ఎయిర్ ఫిల్టరు తీసివేసి కార్బురేటరు నోరు తెరచియుంచువారు కలరు. ఆ దుమ్ములోని సన్నని ఇసుక క్రొత్త రింగులను ఆకురాయి వలె అరుగదీయును. వేల రూపాయల బోరు పనిని మట్టిపాలు చేయుట అనగా ఇదియే.

ఇంత చేసి బలము పెంచినవారు బ్రేకులను మరువరాదు. గంటకు 60 కిలోమీటర్లనుండి ఆపవలసిన బండిని 90నుండి ఆపవలెనన్నచో బ్రేకులు అణచవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబాతిక రెట్లు. డ్రమ్ములు, హోసులు, టైర్లు, స్టీరింగు కీళ్లు సరిచూడక ఇంజనును మాత్రము బలపరచుట ఇల్లాలి చేతిలో కవ్వము విరుగునట్లుండగా కుండ నిండ పెరుగు పోయుట వంటిది. అచ్చట నష్టము పెరుగే. రహదారిమీద నష్టము మనిషి.

చట్టమును తెలిసికొనుట అవసరము. కర్మాగారమువారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. ఇంజను మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావలెను. 2021లో వెలువడిన నిబంధనల ప్రకారము ఏబదియేండ్లు దాటిన కార్లను వింటేజి వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. కాని చాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగిన మార్పు జరిగి యుండరాదని షరతు. కావున అపురూపమైన బండి చేతిలో నున్నవాడు కత్తి పట్టకముందే ఆలోచింపవలెను. అదనముగా పది అశ్వశక్తులు కావలెనా, ఆ బండికి చరిత్ర ఇచ్చిన గౌరవము కావలెనా? అరుగుదలను సరిచేసి పుట్టునాటి బలమును రాబట్టువానికి ఈ సందిగ్ధము లేదు.

పందెపు వేగము రుచి చూడగోరువారికి తగిన తావులు వేరే కలవు. మద్రాసుకు ఉత్తరమున, నెల్లూరు దారిలో, షోలవరమునందు యుద్ధకాలపు విమానపట్టీమీద చిరకాలము కారు పందెములు జరిగెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు 1990నాటికి ఇరుంగాట్టుకోటలో ప్రత్యేకమైన బాటనే నిర్మించిరి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో జన్మించిన కరివర్ధన్ ఈ విద్యకు మరియొక మెరుగు దిద్దెను. మారుతి 800 కారులోని 796 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజనును తీసి, తేలికైన గొట్టపు చట్రములో నమర్చి, ఒంటి సీటు పందెపు కార్లు తయారుచేసెను. ఇంజనును చంపుకొనకుండ బండి బరువును తగ్గించినను వేగమునకు దారి దొరకునని ఎందరో యువకులు ఆ కార్లలో నేర్చుకొనిరి. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించెను. 2003లో కోయంబత్తూరు సమీపమున తెరచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెములో పెట్రోలు వాసనయే లేదు. విద్యుత్తు కార్ల కాలము వచ్చుచున్నది; రావలసినదే. అందుచేతనే బోరు గేజి పట్టి, వెలుతురుకు ఎదురుగా సిలిండరు గోడను పరికించి, వ్రేలికొనతో మెట్టును గుర్తించు మేస్త్రీల విద్య రానురాను అరుదగుచున్నది. రహదారి వెంబడి షెడ్డులలో ఇప్పటికి మిగిలియున్న అట్టివారివద్ద కూర్చుండి ఒక పాత ఇంజనును మొదటినుండి చివరివరకు విప్పి బిగించిన యువకుడు ఒక యంత్రమును మాత్రమే బాగుచేసినవాడు కాడు. ఒక కొలతను నమ్ముట, ఒక హద్దును గౌరవించుట నేర్చుకొన్నవాడగును.

బిగించిన ఇంజనును మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బుజ్జగించి నడుపవలెను. నూనె మార్చి, హెడ్డు నట్లను సరిచూచి, మరల నాలుగు సిలిండర్ల పీడనమును కొలువవలెను. ఆ అంకెలను మొదటి దినమున వ్రాసికొన్న అంకెల ప్రక్కన వ్రాసి చూచుకొన్నచో ఎంత బలము వచ్చినదో ఇతరులను అడుగవలసిన పని యుండదు.